పూరీ దగ్గర ఆగిన ముల్లు

"వడ దాటింది," అన్నాను గట్టిగా.

"పూరీకి ఎంతుండాది?" రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు మా ఆయన.

"వేలు మందం."

"ఎవురి వేలు మే? నాదా, నీదా?"

"నాదే. నీ వేలు లెక్కేస్తే ఈ పాటికి పూరీ పొంగిపోయుండు."

ఎర్ర కారు ఖతీఫ్ ఖర్జూరం తోటలు దాటి జుబైల్ రోడ్డున పడింది. ఆ కారులో కూర్చుంటే నేలకు జానెడు ఎత్తులో ఉన్నట్టుంటుంది. పక్కన పోయే లారీ చక్రాలు నా చెవి ఎత్తున తిరుగుతున్నాయి. ఏసీ ఆపేశాడు. అద్దాలు దించితే పొయ్యి నోట్లో తల పెట్టినట్టు వేడిగాలి. బురఖాలా పైన వేసుకున్న నా నల్ల అబాయా కొంగు లేచి ఆయన ముఖం మీద పడుతుంటే పళ్ళతో పట్టుకున్నాను. అట్లా పట్టుకునే మాట్లాడుతున్నాను. నవ్వొస్తే కొంగు జారుతోంది, కొంగు జారితే ఆయన తిడుతున్నాడు, ఆయన తిడితే నాకు ఇంకా నవ్వొస్తోంది.

నా పని ఒకటే. స్టీరింగు వెనకాల వరసగా ఉన్న గుండ్రటి మీటర్లలో ఒకదాన్ని కళ్ళార్పకుండా చూడడం. ఇంజను లోపలి నూనె ఎంత కాగిందో చెప్పే మీటరు అది. దాంట్లో అంకెలు లేవు. నాలుగు తెల్లగీతలు, చివర ఎర్రపట్టీ, సన్నటి ముల్లు, అంతే. మొదటి రోజు ఆయన "ఒకటో గీత, రెండో గీత అని చెప్పు" అన్నాడు. నాకు గీతలు గుర్తుండలేదు. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. కానీ నూనె కాగడం ఎట్లా ఉంటుందో నాకు బడి కంటే ముందే తెలుసు. అందుకని గీతలకు పేర్లు పెట్టాను. మొదటిది ఆవాలు, అంటే వేస్తే చిటపటమంటాయి. రెండోది వడ. మూడోది పూరీ. నాలుగోది పొగ. ఎర్రపట్టీకి కూడా పేరు పెట్టబోతే ఆయన వద్దన్నాడు.

"దానికి పేరు పెట్టినావంటే పిలిచినట్టే. వస్తాది," అన్నాడు.

ఆ కారు మాది కాదని వేరే చెప్పక్కర్లేదు. కువైట్ యుద్ధం మొదలైనప్పుడు దేశం వదిలిపోతూ ఎవరో ఇంజనీరు అమ్ముకుని పోయిన కారు. దాన్ని కొన్న కుర్రాడు మా కఫీల్‌కు అన్న కొడుకు. కఫీల్ అంటే ఇక్కడ సౌదీలో, దమ్మామ్‌లో మా ఆయన పనిచేసే వర్క్‌షాపు యజమాని. మా ఆయన అక్కడ మెకానిక్కు. మా వీసాలు, మా ఉండడం, పోవడం అన్నీ ఆ పెద్దమనిషి సంతకం మీదే.

నేను ఆ కారును మొదటిసారి వర్క్‌షాపు వెనక గేటు దగ్గర చూశాను. అన్నం క్యారియరు ఇవ్వడానికి పోయి, ముందర మూత తెరిచి ఉంటే తొంగి చూశాను. లోపల ఖాళీ.

"దీని ఇంజను ఎవురో ఎత్తకపోయినారబ్బా," అన్నాను.

పనివాళ్ళందరూ నవ్వారు. ఆయన నన్ను కారు వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. ఇంజను వెనకాల ఉంది. ముందున్నది సామాను పెట్టుకునే గుంత. పైగా ఆ ఇంజనుకు నీళ్ళు లేవు. మామూలు కార్లు నీళ్ళతో చల్లబడతాయి. దీనికి గాలీ, నూనే దిక్కు. ఇంజను దగ్గర కాగిన నూనె గొట్టంలో ముందుకు వచ్చి, కుడి చక్రం ముందర దాచిపెట్టిన చిన్న జల్లెడ లాంటి కూలర్లో గాలి తగిలి చల్లారి, మళ్ళీ వెనక్కి పోతుంది. ఆ రాత్రి అన్నం దగ్గర ఇదంతా మళ్ళీ చెప్పాడు. చపాతీ కారు, పచ్చిమిరపకాయ గొట్టం, ఉల్లిపాయ ముక్క కూలరు. చెప్పడం అయ్యాక కూలరును తినేశాడు.

కారుకు వచ్చిన జబ్బేమిటంటే, ఆ కుర్రాడి దగ్గర ఉన్నప్పుడు నూనె ముల్లు పోయి ఎర్రలో కూర్చుంటుంది. మొదటిసారి తెచ్చినప్పుడు మా ఆయన కూలరు విప్పి కడిగాడు. యుద్ధంలో కువైట్ నూనె బావులు తగలబడినప్పుడు ఆ నల్లపొగ గాలికి ఇక్కడి దాకా వచ్చిందట. ఆరేసిన బనీన్లు మసిగుడ్డలైపోయేవట. ఆ జిడ్డు ఇంకా కూలరు సందుల్లో ఉంది. అదే జబ్బు అనుకున్నాడు. కడిగి, కొత్త నూనె పోసి, నడిపి చూస్తే బంగారంలా పోయింది. ఇచ్చాడు. వారం తిరక్కుండా కారు వెనక్కి వచ్చింది. ఈసారి నూనెను కూలరుకు వదిలే వాల్వు మార్చాడు. మళ్ళీ బంగారం. మళ్ళీ వెనక్కి.

"నా చేతిలో గొర్రిపిల్ల. ఆ పిల్లోడి చేతిలో పొట్టేలు," అనేవాడు తల పట్టుకుని.

మూడోసారి తెచ్చినప్పుడు కఫీల్ కూడా వచ్చాడు. కుర్రాడి పెళ్ళి దగ్గర పడింది. ఊరేగింపులో వాడు ఆ కారులోనే ముందుంటాడు. బంధువులందరి ముందు కారు పొగ చిమ్ముతూ ఆగిపోతే, బాగుచేసింది బాబాయి వర్క్‌షాపేనని తెలియని వాడుండడు. నా విజిట్ వీసా గడువు ఆ పెళ్ళి అయిన తర్వాతి వారం అయిపోతుంది. పొడిగించాలంటే కఫీల్ కాగితం రాసి సంతకం పెట్టాలి. మా ఆయన అప్పటికే అడిగి ఉన్నాడు. కఫీల్ కోపంగా ఏమీ అనలేదు. మా ఆయనకు టీ గ్లాసు అందిస్తూ, "కారు బాగైతే సంతకం. కాకపోతే నీ భార్యకు టికెట్టు," అన్నాడట.

పెళ్ళయిన నెలకే మా ఆయన సౌదీకి వచ్చేశాడు. ఆ వెంటనే యుద్ధం. మా రాయచోటిలో నేను రేడియోకు చెవి ఆనించి నిద్రపోయిన దాన్ని. ఇన్నాళ్ళకు ఆయన పక్కన కూర్చుని తిట్లు తినే భాగ్యం కలిగింది. అప్పుడే టికెట్టంటే నేను ఒప్పుకుంటానా.

మీటరు చూసే పని నాకెందుకు వచ్చిందంటే, వేగంగా పోయేటప్పుడు ఆయన రోడ్డు చూడాలి, ఇంకొకరు ముల్లు చూడాలి. ముందు వర్క్‌షాపులో పెయింటరుగా ఉన్న చాచాను కూర్చోబెట్టారు. ఆయన పాకిస్తానీ, పెద్ద పొట్ట, పెద్ద మనసు. కూర్చోవడం కూర్చున్నాడు గానీ లేవడానికి ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. బయటపడ్డాక నా వైపు చూసి ఉర్దూలో, "బేటీ, ఇది కారు కాదు, బూటు. నా సైజుది కాదు," అన్నాడు. ఇక ఆ సైజుకు సరిపోయేది నేనే.

ఆ రోజు జుబైల్ దగ్గరి దాకా పోయి తిరిగి వచ్చాం. ముల్లు పూరీ దగ్గర ఆగింది. ఆయన ఇంకా తొక్కాడు. రోడ్డు పక్క స్తంభాలు దువ్వెన పళ్ళలా పోతున్నాయి. ముల్లు పూరీ దాటలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఆయన కొట్టలేదు.

"సంతోషమే కదా, ముఖం అట్ల పెట్టినావేంది?"

"యాడ సంతోషం? జబ్బు కనపడితేనే కదా మందు. వాడికి కనపడేది నాకెందుకు కనపడదు?"

కారు మళ్ళీ కుర్రాడికి ఇచ్చేశాం. అడిగితే ఇవ్వక తప్పదు.

గురువారం సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఆయన నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాడు. నా ముఖం వాడిపోయిందని కాదు, ఆయనదే వాడిపోయింది. చాప పరుచుకుని ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాం. అప్పుడు రోడ్డు మీద హారన్ల మోత మొదలైంది. పెళ్ళి ఊరేగింపు. దీపాలు వెలిగించుకుని, కిటికీల్లోంచి చేతులు బయట పెట్టి ఊపుతూ కార్ల వరస వస్తోంది. వరసకు ముందర పూలదండ వేసుకుని ఎర్ర కారు.

"ఇదో, మన కారు," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. చేతిలో కాయలు పడేశాడు. రోడ్డు పక్క కాలిబాట మీదికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, కారు పక్కనే నడవడం మొదలుపెట్టాడు. పరిగెత్తడం లేదు, తొందరగా కూడా నడవడం లేదు. అన్నం తిన్నాక అరుగు ముందు పచార్లు చేసే పెద్దమనిషిలా నడుస్తున్నాడు. కారూ ఆయనా సమానంగా పోతున్నారు. ఒకసారి కారే వెనకబడింది. ఆయన ఆగి దానికోసం చూశాడు.

నేను చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

"మే, ముల్లు సూడు," అన్నాడు నన్ను చూసి.

కారు ఇటు పక్క అద్దం దించి ఉంది. నేను తల లోపలికి పెట్టాను. లోపల ఏసీ మంచుకొండలా వీస్తోంది. పాట మోగుతోంది. కుర్రాడు స్టీరింగు మీద తాళం వేస్తున్నవాడు, నల్ల అబాయాలో ఒక తల కిటికీలో మొలిచేసరికి ఉలిక్కిపడ్డాడు. నాకు వచ్చిన అరబ్బీ రెండు మూడు ముక్కలు. నూనెను జైత్ అంటారని తెలుసు. మీటరు వైపు వేలు చూపించి "జైత్, జైత్" అన్నాను. వంటనూనెకు దిక్కులేని ఆడమనిషి అనుకున్నాడు పాపం. జేబులోంచి పర్సు తీశాడు.

నేను ముల్లు చూశాను. పొగ దాటిపోయి, మేం పేరు పెట్టని చోట కూర్చుని ఉంది.

మా ఆయన అటు పక్కకు పోయి కారు ఆపించి, ఇంజను మూత తెరిచాడు. కాలిన నూనె వాసన గుప్పున వచ్చింది. పెళ్ళికొడుకు ఎవరో బంధువట. అతని కారును ముందుకు పంపి, మన కుర్రాడు రోడ్డు పక్కన నిలబడ్డాడు. కుర్రాడూ మా ఆయనా అరబ్బీలో మాట్లాడుకున్నది ఆయన నాకు తర్వాత చెప్పాడు.

"నువ్వు ఎప్పుడూ ఇట్లనే పోతావా?"

"ఇంకెట్లా పోతారు? పెళ్ళి కదా."

"పెళ్ళి లేనప్పుడు?"

"లేనప్పుడు కప్పి పెడతాను. ఎండకు రంగు పోతుంది."

ఎండాకాలం సెలవుల్లో వాళ్ళ వంశంలో ప్రతి గురువారం ఏదో ఒక పెళ్ళి. ప్రతి పెళ్ళికీ ఊరేగింపు. ప్రతి ఊరేగింపుకూ ముందుండే కారు అదే. వాడి చేతిలో అది ఎప్పుడూ, ఎక్కడా, మనిషి నడక కంటే వేగంగా పోలేదు.

మా ఆయన కాలిబాట అంచున కూలబడ్డాడు. ఏడుస్తున్నాడేమో అనుకుని దగ్గరికి పోతే, నవ్వుతున్నాడు. నవ్వలేక కడుపు పట్టుకుంటున్నాడు.

"గుర్రాన్ని తెచ్చి గానుగకు కట్టినాడు మే," అన్నాడు. "నేను జుబైల్ రోడ్డులో పరిగెత్తిచ్చి పరిగెత్తిచ్చి సూస్తాండా. దానికి పరిగెత్తితే ఏం కాదు. నడిస్తేనే సచ్చిపోతాది."

మా దిక్కు గానుగ ఎద్దు ఎట్లా తిరుగుతుందో తెలిసిన వాళ్ళకు ఆ నవ్వు ఆగదు. నేనూ ఆయన పక్కన కూలబడ్డాను. కుర్రాడు మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. సౌదీ పోలీసు ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవాడో.

సంగతి చాలా చిన్నది. కారు పరిగెత్తితే కూలరుకు ఎదురుగాలి తగిలి నూనె చల్లారుతుంది. మెల్లగా పోతే గాలి లేదు. ఇంజను మెల్లగా తిరుగుతుంది కాబట్టి దాని ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. పైగా ఏసీ తన వేడి మొత్తం తెచ్చి ఇంజను నెత్తిన పోస్తుంది. మేమేమో ప్రతిసారీ ఏసీ ఆపి, గుర్రంలా తోలి, బాగుందని సంబరపడ్డాం. స్పోర్ట్స్ కారంటే వేగంగానే పోతుందని మాకు మేమే అనుకున్నాం. మెల్లగా తోలి చూడాలని ఎవరికి తోస్తుంది?

కుర్రాణ్ణి వేగంగా పొమ్మనలేం కదా. పెళ్ళికొడుకు పరిగెత్తితే పెళ్ళికూతురు వాళ్ళు ఏమనుకుంటారు. అందుకని కూలరుకే ఫ్యాను పెట్టాలి అన్నాడు మా ఆయన. పాతకార్ల స్క్రాపులో చిన్న జపాను కారు ఏసీ ఫ్యాను ఒకటి ఏరుకొచ్చాడు. దాన్ని ఆ సందులో పట్టించడానికి చాచా ఇనపపట్టీ వంచి ఇచ్చాడు. వంచుతూ, "బూటుకు విసనకర్ర," అని ఒకటే నవ్వు. దాని స్విచ్చు డాష్‌బోర్డు కింద, నా మోకాలి దగ్గర బిగించారు.

కుర్రాడి పెళ్ళి గురువారం. బుధవారం సాయంత్రం పరీక్ష. వేడి తగ్గే వేళ వద్దని, నేల ఇంకా సెగలు కక్కుతున్నప్పుడే బయల్దేరాం. కఫీల్ తన పెద్ద తెల్ల కారులో మా వెనకే వచ్చాడు. కళ్ళతో చూస్తే తప్ప నమ్మడు. మా ఆయన ఉన్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. పరీక్ష పోతే పోయింది, చొక్కా నలగకూడదన్నట్టు నిటారుగా కూర్చున్నాడు. ఏసీ నిండుగా పెట్టాం. నాకు సౌదీలో మొదటిసారి చలేసింది.

సముద్రం ఒడ్డున నడక వేగంతో పోతున్నాం. ఆవాలు. వడ. ముల్లు వడ దాటగానే నేను స్విచ్చు నొక్కాను. ముందర ఎక్కడో గుర్రుమంది.

"తిరుగుతాండాదా?"

"తిరుగుతాండాది. మా నాయన గురకే."

పూరీకి వచ్చింది. ఆగలేదు. వెంట్రుక వాసి పైకి పోయింది. ఇంకొంచెం పోయింది. నాకు నవ్వు పోయింది. అప్పుడే పక్క వీధిలోంచి ఎవరిదో పెళ్ళి ఊరేగింపు వచ్చి మాలో కలిసింది. ముందు కార్లు, వెనక కార్లు, పక్కన కార్లు. తప్పుకునే దారి లేదు. కఫీల్ కారు కూడా ఎక్కడో మధ్యలో ఇరుక్కుపోయింది.

"ఏసీ ఆపుదామా?" అన్నాను.

"ఆపితే పరీచ్చ ఎట్లయితాది? సూస్తా ఉండు."

ఆయన గేరు తగ్గించాడు, ఇంజను కొంచెం గట్టిగా తిరగడానికి. ముల్లు పూరీకి పొగకు మధ్య నిలబడి వణుకుతోంది. నేను మా ఊరి దర్గాలోని సాహెబు మొదలుకొని గుర్తొచ్చిన అందరికీ మొక్కుకున్నాను. ముల్లు వణికి, వణికి, మెల్లగా వెనక్కి జరిగి పూరీ మీద కూర్చుంది. కూర్చుని కదల్లేదు.

"పూరీ," అన్నాను. "పూరీలోనే ఉండాదబ్బా. దిగింది."

ఆయన నా మోకాలి మీద ఒకసారి చెయ్యేసి తీసేశాడు.

అప్పుడు పక్క కారులోంచి ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కూత పెట్టారు, వాళ్ళ పెళ్ళిళ్ళలో పెడతారే, ఆ కూత. ఏమిటా అని అద్దం దించితే కిటికీలోంచి నా ఒళ్ళోకి గుప్పెడు చాక్లెట్లు వచ్చి పడ్డాయి. ఇంకో కారువాళ్ళు హారన్ కొట్టి మా ఆయనకు సలాం పెట్టారు. ఎర్ర కారు, రెండే సీట్లు, ఇస్త్రీ చొక్కా, పక్కన నేను. మమ్మల్నే పెళ్ళికొడుకు పెళ్ళికూతురనుకున్నారు.

నేను చెయ్యి ఊపాను.

"ఊపొద్దు మే, కఫీలు సూస్తాడు."

"సూడనీ. మన పెళ్ళికి నీ ఫ్లైటు తొందరలో ఊరేగింపే ల్యాకపాయె. ఇదే మనది అనుకో."

"అల్లా, ఇదేం ఆడదానికి ఇచ్చినావయ్యా నన్ను," అన్నాడు గానీ, కాసేపటికి తానూ ఎడమచెయ్యి బయట పెట్టి ఊపడం చూశాను. మునివేళ్ళతోనే. చొక్కా నలగకుండా.

ఊరేగింపు మమ్మల్ని తోసుకుంటూ పెళ్ళి హాలు గేటు దాకా తీసుకుపోయింది. ఖహ్వా కాఫీ కూజా పట్టుకుని పెద్దవాళ్ళు ఎదురొచ్చారు. మా ఆయన దిగి, చేతులు కట్టుకుని, నేను పెళ్ళికొడుకును కాదు, మెకానిక్కును అని చెప్పుకున్నాడు. వాళ్ళు ఒక్క క్షణం చూసి ఎంత నవ్వారో. నవ్వి, పెళ్ళికొడుకు కాకపోయినా పరవాలేదని ఖహ్వా చేతిలో పెట్టారు. ఖర్జూరాలు నా దాకా పంపించారు. అంతలో కఫీల్ కార్ల మధ్య నుంచి ఉస్సురంటూ నడిచి వచ్చాడు, తలగుడ్డ జారిపోయి, చెమటలు కక్కుతూ. కిటికీలో తల పెట్టాడు. నేను వెనక్కి ఒదిగి ముల్లు చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "శనివారం పొద్దున నీ భార్య పాస్‌పోర్టు పట్టుకుని ఆఫీసుకు రా," అన్నాడు.

ఆ మాట మా ఆయన తెలుగులో చెప్పక ముందే నాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున ఆయన పనికి పోగానే నేను పై అంతస్తుకు ఎక్కి నెల్లూరు అక్క తలుపు కొట్టాను. ఎటూ పంపించేస్తారని భయపడి, ఆ వారంలోనే నా కుక్కరు, మిక్సీ, చపాతీల కర్ర అన్నీ ఆమెకు ఇచ్చేశాను. పోయేవాళ్ళు ఉండేవాళ్ళకు ఇచ్చిపోవడం మా బిల్డింగులో మామూలే.

"అక్కా, నేను పోవడం ల్యా. నా కుక్కరు ఇయ్యి."

"ఇదేంది అమ్మాయ్, ఇచ్చింది మళ్ళా అడగతారా ఎవరన్నా? అందులో పప్పు పెట్టున్నా. ఇప్పుడే విజిలు వస్తా ఉంది."

"రానీలే అక్కా. ఈడ్నే కూసోనుంటా."

ఆమె గడప మీద కూర్చున్నాను. మూడు విజిళ్ళు వచ్చేదాకా లేవలేదు. చంకలో మిక్సీ, చేతిలో చపాతీల కర్ర, రెండో చేతిలో కాలుతున్న కుక్కరు, మూత కూడా తియ్యకుండా, పప్పుతో సహా కిందికి తెచ్చుకున్నాను.